ఇసక నేలలో వెదురు నాటొచ్చా, పెరడుకి గాలి అడ్డం కావాలి

అన్నలూ అక్కలూ నమస్తే, మాది శ్రీకాకుళం జిల్లా కవిటి వైపు, ఉద్దానంలో. ఇంటి వెనకాల 40 సెంట్ల పెరడు ఉంది, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుఫానుకి మా కొబ్బరి చెట్లు సగం పడిపోయాయి, మా తాతయ్య నాటిన పనస చెట్టైతే వేర్లతో సహా లేచి పడిపోయింది, అది చూసి నాన్నమ్మ రెండ్రోజులు అన్నం తినలేదు. తర్వాత కొత్త కొబ్బరి మొక్కలు, జీడిమామిడి వేశాం కానీ సముద్రం వైపు అడ్డంగా ఏమీ లేదు.

అందరూ సరుగుడు వేసేయండి అంటన్నారు. కానీ అది నరికాక మళ్ళీ మొదట్నుంచీ వేసుకోవాలి కదా, వెదురైతే ఏటేటా ముదురు గడలు మాత్రమే కొట్టుకోవచ్చు, పాదు అలాగే ఉంటది, పందిళ్ళకీ దడికీ పనికొస్తాయి అని నా ఆశ. పోయిన వానల్లో పార్వతీపురం చుట్టాలింటి నుంచి రెండు దుంపలు తెచ్చి పాతాను. ఒకటి నల్లబడి మెత్తగా అయిపోయింది, తీసి చూస్తే పులిసిన వాసన. రెండోదానికి చిటికెన వేలంత పిలక వచ్చింది, పైన గోధుమ రంగు పొర, దాని మీద సన్న నూగు, ముట్టుకుంటే గుచ్చుకుంటది.

ఇప్పుడు నా అడుగుడు ఏంటంటే, ఈ ఇసక నేలలో ఎండాకాలం ఎన్ని రోజులకోసారి తడి పెట్టాలి, ముళ్ళు లేని రకం ఏది మంచిది, నుయ్యికీ కొబ్బరికీ ఎంత దూరంలో వేయాలి? ఇంట్లో చిన్నపిల్లలున్నారు, ముళ్ళ వెదురు మాత్రం వద్దు. తీరంలో వేసి చూసినవాళ్ళు ఉంటే దయచేసి చెప్పండి, వానలు పడేలోపు గోతులు తీసుకోవాలి.