థార్ వెనక పెద్ద స్టెప్నీ: డోర్‌కే బలం కట్టాలా, చాసీ నుంచి వేరే స్టాండ్ లేపాలా?

గోదారి గట్టు (రాజమండ్రి)

నాది 2021 మహీంద్రా థార్, హార్డ్‌టాప్ (గట్టి పైకప్పుది). కంపెనీ ఇచ్చిన 255/65 ఆర్18 టైర్లు తీసేసి 285/65 ఆర్18 ఏటీ (ఆల్ టెరైన్, అన్ని దారులకీ పనికొచ్చే) టైర్లు వేయించా. స్టెప్నీ కూడా అదే సైజు. ఫోర్ వీల్‌లో ఉన్నప్పుడు ఒక చక్రం చిన్నదైతే గేర్ల మీద ఒత్తిడి పడుతుంది కదా, అందుకని. ఇప్పుడు మారేడుమిల్లి ఘాట్ దిగొచ్చాక డిక్కీ డోర్ కాస్త పైకెత్తి కొడితే తప్ప లాక్ పడటం లేదు. ఒక షెడ్డులో "మడతబందుల దగ్గర దళసరి ప్లేటు పెట్టి వెల్డ్ కొట్టేస్తే చాలు" అన్నారు. ఇంకో చోట "డోర్‌ని నమ్ముకోకండి, చాసీ (బండి కింది ఇనప ఫ్రేము) నుంచి తిరిగే స్టాండ్ కట్టించండి" అంటున్నారు. దీనికి ఖర్చు మూడింతలు. ఎవరి మాట వినమంటారు?

ఆటోనగర్ బాబాయ్ (విజయవాడ)

మొదటి షెడ్డు ఛాయలకి కూడా వెళ్ళకండి. డోర్ రేకు మందం మిల్లీమీటరు కూడా ఉండదు. దాని మీద ఐదారు మిల్లీమీటర్ల ప్లేటు పెట్టి చుట్టూ వెల్డ్ లాగితే ప్లేటు చెక్కుచెదరదు, ప్లేటు అంచు వెంబడి రేకు చిరుగుతుంది. పగులు పోదు, రెండంగుళాలు పక్కకి జరుగుతుందంతే. పైగా ఆ వేడికి లోపలి వైపు పెయింటు మాడిపోతుంది. మన కోస్తా గాలికి ఒక్క వానాకాలం చాలు, లోపల్నుంచి తుప్పు లేస్తుంది.

లెక్క చూడండి. మీ సైజు టైరు, అల్లాయ్ కలిపి మా కాటా మీద 38 కిలోలు తూగింది. కంపెనీది 29. మడతబందు నుంచి చక్రం నడిమికి 55 సెంటీమీటర్లు, రెండు మడతబందుల మధ్య 35 అనుకుందాం. బండి కదలకుండా నిలబడి ఉండగానే పై మడతబందుని పక్కకి లాగే బలం 60 కిలోలు తేలుతుంది. పాత చక్రంతో అది 46. గుంతలో దబ్బున పడినప్పుడు రెండింతలో మూడింతలో అవుతుంది. ఒక్కసారి లాగినందుకు ఏమీ కాదు. ఇనప తీగని అటూ ఇటూ వంచి వంచి తెంపుతామే, రేకుకి జరిగేది అది.

కాబట్టి డబ్బు తీసే ముందు ఏది పోయిందో తేల్చుకోండి. డోర్ సగం తెరిచి, చక్రాన్ని కింద నుంచి రెండు చేతులతో ఎత్తండి. 'టక్' మంటే పిన్నో బుష్షో అరిగింది, అది లేత్ పని. చప్పుడు లేకుండా మడతబందు చుట్టూ రేకు లోపలికీ బయటికీ ఆడుతుంటే రేకు అలిసిపోయింది. పెయింటు మీద వెంట్రుకంత గీతలు కనబడితే అవి పగుళ్ళే.

రేకు బాగుంటే డోరే చాలు. లోపలి ట్రిమ్ (డోర్ లోపలి కవరు) విప్పి, స్టెప్నీ బ్రాకెట్ బోల్టుల నుంచి మడతబందుల బోల్టుల దాకా 3 మిల్లీమీటర్ల ప్లేటు ఒకే ముక్కగా కోయించి వేయాలి. మూలలు గుండ్రంగా ఉండాలి. వెల్డ్ వద్దు, బోల్టులే. రోడ్డు పక్క కొట్లో దొరికే మెత్త బోల్టులు కాదు, తల మీద బలం గ్రేడు 8.8 గానీ 10.9 గానీ అచ్చు ఉన్నవి. ఇక అందరూ మర్చిపోయేది డోర్ మీద చక్రం ఆనే రబ్బరు దిమ్మలు. 285 టైరు పాతదానికంటే 30 మిల్లీమీటర్లు వెడల్పు. బ్రాకెట్‌ని సరిగ్గా ఎంత బయటికి జరపాలో చూసుకోకపోతే చక్రం దిమ్మల మీద ఆనదు, గాల్లో ఊగుతుంది. ఆ ఊపే డోర్‌ని చంపేది. మీ టైరు వ్యాసం కూడా 39 మిల్లీమీటర్లు పెరిగింది, అంటే కింద 19 మిల్లీమీటర్లకు పైగా దిగింది. బంపర్‌కి రాసుకుంటోందేమో అదీ చూడండి.

నల్లమల తొవ్వ (అచ్చంపేట)

బాబాయ్, లెక్క మంచిగనే చెప్పిన్రు గని సగమే చెప్పిన్రు. మడతబందుకు రెండు రెక్కలుంటయ్. ఒకటి డోర్‌కు, ఇంకోటి బాడీ పిల్లర్‌కు, అంటె డోర్ పక్కన ఉండే బాడీ స్తంభానికి. డోర్‌ల ప్లేట్ ఏసిన్రు, బరువు ఇంకింత పెరిగె. గదంత పొయ్యి పిల్లర్ రేకు మీద వడ్తది. డోర్ వోతె డోర్ మార్చుకుంటం, పిల్లర్ చిరిగితె ఏం జేస్తరు?

నా బండికి చాసీ స్టాండే. వెనక టో హుక్ బోల్టుల రంధ్రాలే వాడినం, చాసీకి కొత్త రంధ్రం ఒక్కటి గూడ కొట్టలే. తిరిగే కాడ టేపర్ బేరింగులు, గ్రీజు నిప్పల్. డోర్ మీద ఇప్పుడు బ్రాకెట్ తీసిన రంధ్రాలే ఉన్నయ్, వాటికి రబ్బరు బిరడలు వెట్టిన. వేలు వెడితె డోర్ మూస్కుంటది.

ఆటోనగర్ బాబాయ్

50 బై 50 చదరపు పైపు, 3 మిల్లీమీటర్లది, మీటరుకి నాలుగు కిలోల పైమాటే. బంపరు, చెయ్యి, తిరిగే మొల, క్లాంపు అన్నీ కలిపి తూచండి. చక్రం బరువెంతో స్టాండు బరువు ఇంచుమించు అంతే ఉంటుంది. అదంతా వెనక యాక్సిల్ దాటి వేలాడుతుంది, స్ప్రింగులు కుంగుతాయి. కూరగాయల సంచీ పెట్టాలన్నా ముందు స్టాండు తిప్పాలి, తర్వాత డోర్ తియ్యాలి. ఘాట్‌లో వాలు మీద ఆపితే ఆ చెయ్యి దానంతటదే తిరిగొచ్చి మోకాలి చిప్ప మీద కొడుతుంది. తెరిచినప్పుడు ఆపే పిన్ను పెట్టని స్టాండ్లు ఎన్ని చూశానో!

నల్లమల తొవ్వ

పిన్ను వెట్టకపోతె అది కట్టినోని తప్పు, స్టాండ్ తప్పు గాదు. అసలు తేడా మీరు జెప్తలేరు. నా స్టాండ్ మూస్తె, చెయ్యి కొస వాలు ప్లేట్ మీదికి ఎక్కి కూసుంటది. బరువు రెండు కొసల మీద పంచుకుంటది. మీ డోర్ ఏమో మూసినా ఒక్క దిక్కే ఏలాడుతది. లాక్ అనేది డోర్ తెరుచుకోకుండ పట్టుకునేదే గని, బరువు మోసేది గాదు.

ఆటోనగర్ బాబాయ్

వాలు ప్లేటు మాట ఒప్పుకుంటా, అది అసలైన పాయింటు. కానీ అదే పని డోర్‌కీ చేయొచ్చు. లాక్ వైపు డోర్ అంచుకి ఒక చీలిక (వెడ్జ్ లాంటి వాలు ముక్క), బాడీకి అది ఎక్కి కూర్చునే గాడి. పాత వ్యాన్ల వెనక తలుపులకి ఉండేవి, మీలో వయసున్నవాళ్ళకి గుర్తుండాలి. మూయగానే చీలిక గాడిలోకి ఎక్కి డోర్ బరువు పంచుకుంటుంది. ఖర్చు స్టాండులో పదో వంతు ఉండదు.

రూల్ బుక్ (హైదరాబాద్)

ఇద్దరూ బంగారంలా చెప్పారు. చట్టం మాటేంటి? మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. 2019 సవరణతో వచ్చిన 182ఏ(4) కింద ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ. 2017 డిసెంబరులో కేంద్రం బుల్‌బార్ల (బండి ముందు బిగించే ఇనప కడ్డీల) మీద రాష్ట్రాలకి రాసింది కూడా ఈ సెక్షన్ 52 పట్టుకునే. లోపల ప్లేటు ఎవరికీ కనబడదు. వెనక పొడుచుకొచ్చిన ఇనప స్టాండు చెక్‌పోస్టులో దూరం నుంచే కనబడుతుంది. ఎవరైనా వెనక నుంచి గుద్దితే బీమా సర్వేయరు మొదట అడిగేదీ దాని గురించే. నంబర్ ప్లేటుకి చక్రం అడ్డం పడకూడదని వేరే చెప్పక్కర్లేదు. ఆ మాటకొస్తే 285 టైర్ల మీద కూడా ఇదే ప్రశ్న అడగొచ్చు, గోదారి గారూ.

డాలస్ జీప్

ఇక్కడ అమెరికాలో జీప్ రాంగ్లర్ బళ్ళ వాళ్ళకీ ఇదే గొడవ. జేఎల్ మోడల్‌కి జీప్ వాళ్ళ మోపార్ విభాగమే డోర్ బలం కిట్ అమ్ముతోంది, 37 అంగుళాల టైరు దాకా మోస్తుందని. అందులో మడతబందులు, చక్రం బ్రాకెట్ ఆనే చోటు ఒకే నిర్మాణంగా కలుస్తాయి. బాబాయ్ గారి 'ఒకే ముక్క' మాటకి దగ్గరే. అంతకంటే పెద్ద టైర్ల వాళ్ళు బంపర్ స్టాండుకి వెళ్తుంటారు.

సిటీ సుబ్బు

ఇంత గొడవ దేనికి? టైర్ ప్రెషర్ చూపించే సిస్టమ్, ట్యూబ్‌లెస్ టైర్లు, పంక్చర్ కిట్ ఉంటే స్టెప్నీయే అక్కర్లేదని 2020లో కేంద్రం రూల్ మార్చిందిగా. తీసి ఇంట్లో పెట్టండి.

నల్లమల తొవ్వ

మేకు గుచ్చితె కిట్ పనికొస్తది. రాయి కోసి సైడ్‌వాల్ (టైరు పక్క భాగం) చీరితె ఏం కిట్ వెడ్తవ్ తమ్మీ? మన్ననూర్ దాటినంక ఫోన్ సిగ్నల్ గూడ ఉండది.

గోదారి గట్టు

బాబాయ్ గారు చెప్పినట్టు చక్రం ఎత్తి చూశా. పై మడతబందు దగ్గర 'టక్' మంది, కింద ఏమీ లేదు. ట్రిమ్ విప్పి టార్చి వేసి చూస్తే డోర్ రేకు శుభ్రంగా ఉంది. పిల్లర్ వైపు కూడా గీతల్లేవు, నల్లమల అన్నా. కానీ రబ్బరు దిమ్మకీ టైరుకీ మధ్య నా బొటనవేలు దూరిపోతోంది! టైర్లు మార్చినవాడు బ్రాకెట్ కింద స్పేసర్లు (ఎడం కోసం పెట్టే ముక్కలు) మోతాదు చూసుకోకుండా కుక్కేశాడు.

ముందు పిన్ను, ఇత్తడి బుష్ మార్పించి, స్పేసరు కొలిచి వేయించి, లోపల ప్లేటు కట్టిస్తా. స్టాండుకి ప్రస్తుతానికి వెళ్ళను. చీలిక, గాడి మాత్రం వేయించాలని ఉంది. దాని బాడీ వైపు ముక్కని వెల్డ్ లేకుండా ఎక్కడ బిగించాలి బాబాయ్? అక్కడ కూడా పలచని రేకే కదా.

ఆటోనగర్ బాబాయ్

లాక్ కొక్కెం బిగించిన బోల్టుల వెనక కంపెనీవాడే దళసరి ప్లేటు పెట్టి ఉంటాడు. కాస్త పొడుగు బోల్టులతో దాన్నే పట్టుకోండి. ఫోటో పెట్టండి, కొలత రాసిస్తా.

నల్లమల తొవ్వ

పెట్టుర్రి, నేను గూడ సూస్త. 35 అంగుళాల టైర్లు ఏసిన్నాడు స్టాండ్ కోసం మళ్ల మా దిక్కే రావాలె.