తోలుబొమ్మల్ని ఎగ్జిబిషన్‌లో పెట్టాలంటే లైటు ఎటునుంచి వెయ్యాలి?

ప్రశ్న:
మా కాలేజీలో వెలుగు-నీడ థీమ్‌తో చిన్న ఎగ్జిబిషన్ పెడుతున్నాం, నా వంతుకి తోలుబొమ్మలు వచ్చాయి. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఊళ్ళో చేసిన హనుమంతుడు, సీత కొత్తవి, ఇంకో రెండు బాగా పాతవి, తెలిసినవాళ్ళ దగ్గర అడిగి తెచ్చాం. గోడకి తగిలించి ముందునుంచి స్పాట్‌లైట్ వేస్తే క్యాలెండర్ బొమ్మలా చప్పగా ఉంది. తెర కట్టి వెనక ఎల్ఈడీ స్ట్రిప్ పెడితే గీతలన్నీ అలుక్కుపోతున్నాయి. ఏం చెయ్యాలి?

ధర్మవరం పిల్లోడు:
గోడకి తగిలిస్తే ఇంకేముంటాదప్పా దాంట్లో. మేకతోలు గీకి గీకి అవతలి వెలుతురు కనపడేంత పల్చగా చేసి, రెండు పక్కలా రంగులేసి, ఉలితో నగల చోటంతా చిల్లులు కొట్టేది వెనకనుంచి వెలుగు రావాలనే కదా. తెర మీద నల్లటి నీడ కాదు పడేది, ఎరుపు ఎరుపుగానే, పచ్చ పచ్చగానే కనపడతాది, చిల్లులు తెల్లగా మెరుస్తాయి. ముందు ఆముదం దీపాలు పెట్టేవాళ్ళు, తర్వాత బల్బులొచ్చినాయి. ఇప్పుడు ఆటలు తగ్గి మా పక్క లాంప్‌షేడ్లు చేసి అమ్ముతాండారు, అదీ లోపలి వెలుగు లెక్కే. 2020లో పద్మశ్రీ వచ్చిన తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావు గారిది నిమ్మలకుంటే, కుదిరితే ఒకసారి ఊరికి పోయి చూసి రా.

స్టేజ్ లైట్లు:
స్ట్రిప్‌లో ఎన్ని ఎల్ఈడీలుంటే అన్ని నీడలు బ్రో, ఒకదాని మీద ఒకటి పడి గీత చెరిగిపోతుంది. స్ట్రిప్ తీసేసి పసుపు వెలుగు బల్బు ఒక్కటే పెట్టు, 2700 కెల్విన్ అని రాసుంటుంది, తెరకి ఓ నాలుగైదడుగులు వెనక్కి. బొమ్మని మాత్రం గుడ్డకి ఆనించాలి, కొంచెం బల్బు వైపు జరిపినా నీడ పెద్దదై అంచు మసకైపోతుంది. ఆ తేడా చూసేవాళ్ళ చేత్తోనే చేయించు, కొత్త సీతని ఇచ్చి ముందుకీ వెనక్కీ ఆడించమను, నీ స్టాల్ దగ్గరే జనం ఉంటారు.

పాతసామాన్ల పిచ్చి:
కొత్తవాటికి పై సలహా ఓకే, పాత రెండిటికీ వద్దు ప్లీజ్. తోలు, రంగులు వెలుతురికి వెలిసిపోతాయి, మళ్ళీ తిరిగి రావు. మ్యూజియాల్లో ఇలాంటివాటి మీద పడే వెలుతురు 50 లక్స్ (వెలుతురు కొలత) దాటనివ్వరు, అంటే బాగా తక్కువ వెలుగు. హాలోజన్ అయితే దగ్గరికే రానివ్వకు, వేడికి తోలు వంకర్లు పోతుంది.

ధర్మవరం పిల్లోడు:
అవి రాత్రంతా దీపం ముందర ఆడినవే కదన్నా, ఇప్పుడు నాలుగు రోజులకి ఏమవుతాదని?

పాతసామాన్ల పిచ్చి:
ఆట అయ్యాక పెట్టెలోకి పోయేవి తమ్ముడూ, ఎగ్జిబిషన్‌లో పొద్దున్నించి సాయంత్రం దాకా అదే లైటు. సెన్సర్ పెట్టి మనిషి వచ్చినప్పుడే వెలిగేలా చేస్తే నాకేం అభ్యంతరం లేదు.

ప్రశ్న అడిగినవాడు:
థాంక్స్ అన్నలూ. ఇందాకే స్ట్రిప్ పీకేసి ఒక్క బల్బు పెట్టి చూశాం, హనుమంతుడి తోక మీద చుక్కలు కూడా లెక్కపెట్టొచ్చు. పాతవాటికి సెన్సర్ పెడతాం, మా ఎలక్ట్రికల్ వాళ్ళని అడగాలి. తెరకి మామూలు తెల్ల పంచె సరిపోతుందా, ఇంకా పల్చటి గుడ్డ కావాలా?

స్టేజ్ లైట్లు:
పంచె చాలు. ముడతలు లేకుండా బిగించి కట్టు, బల్బు నేరుగా చూసేవాళ్ళ కళ్ళలో పడకుండా కాస్త కిందకి దించు.