రోజువారీ పనికి బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు: ఏవి ఉంచాలి, ఏవి పీకేయాలి? (చర్చ)

గోదారిగట్టు
8 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్, విండోస్ 11, క్రోమ్. పనివేళల్లో 40 ట్యాబులకు తగ్గవు. ఉత్తరాలు సగం తెలుగులో, సగం ఇంగ్లిషులో. ట్యాబులు అదుపులో ఉండాలి, తెలుగు టైపింగ్ సులువుగా సాగాలి, రోజూ రాసే వాక్యాలు మళ్లీ మళ్లీ కొట్టకూడదు, మధ్యలో మనసు యూట్యూబ్ మీదికి పోకూడదు. ఉచితంగా దొరికేవి చెప్పండి, సెట్టింగులతో సహా.

ట్యాబులపుట్ట
ట్యాబులను నిద్రపుచ్చడానికి ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదండీ, క్రోమ్‌లోనే ఉంది. సెట్టింగ్స్, పెర్ఫార్మెన్స్, మెమరీ సేవర్. 8 జీబీకి మ్యాగ్జిమమ్ పెట్టండి. నిద్రపోయిన ట్యాబు నొక్కితే పేజీ మళ్లీ మొదట్నుంచి లోడవుతుంది. అందుకే తొందరగా లాగౌట్ చేసే సైట్లను కిందున్న మినహాయింపు జాబితాలో చేర్చాలి. పాట మోగుతున్నవి, సగం నింపిన ఫారం ఉన్నవి, డౌన్‌లోడ్ నడుస్తున్నవి క్రోమే ముట్టుకోదు.

దానికన్నా ముందు షిఫ్ట్-ఎస్కేప్ నొక్కండి, టాస్క్ మేనేజర్ వస్తుంది. మెమరీ కాలమ్ మీద క్లిక్ చేసి పెద్దవి పైకి తెచ్చుకోండి. ఏ ఎక్స్‌టెన్షన్ ఎంత మింగుతోందో పేరుతో సహా కనిపిస్తుంది. వాడనివన్నీ అక్కడే తేలిపోతాయి. కంట్రోల్-షిఫ్ట్-ఏ కొడితే తెరిచిన ట్యాబుల్లో వెతుక్కోవచ్చు.

తెరిచిన ట్యాబులన్నీ ఒక జాబితాగా దాచే వన్‌ట్యాబ్ పెట్టుకునేవాళ్లు ఒకటి గుర్తుంచుకోవాలి. ఎక్స్‌టెన్షన్ తీసేస్తే దాచిన లింకులూ పోతాయి. ఎక్స్‌పోర్ట్ పేజీలోంచి జాబితాను అప్పుడప్పుడు టెక్స్ట్ ఫైల్‌గా కాపీ చేసి పెట్టుకోండి.

శ్రావణి_డల్లాస్
తెలుగుకి గూగుల్ ఇన్‌పుట్ టూల్స్ ఎక్స్‌టెన్షన్ చాలు. ఇంగ్లిషు అక్షరాల్లో కొడితే తెలుగు వస్తుంది, నేర్చుకోవాల్సింది ఏమీ లేదు.

ఇన్‌స్క్రిప్ట్_పక్షం
"చాలు" అని అంత తేలిగ్గా ఎలా అంటారండీ? ఎక్స్‌టెన్షన్ అనేది వెబ్ పేజీ లోపలే పనిచేస్తుంది. అడ్రస్ బార్‌లో పనిచేయదు, సెట్టింగ్స్ పేజీల్లో పనిచేయదు, ఎక్సెల్‌లోకి వెళ్తే అసలే లేదు. పైగా ణ-న, ళ-ల దగ్గర ప్రతిసారీ జాబితాలోంచి ఏరుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డ్‌లో ఒక మీటకి ఒక అక్షరం, అంతే. కె కొడితే క, జె కొడితే ర, డి కొడితే పొల్లు. క్ష కావాలంటే కె, డి, షిఫ్ట్-కామా. కళ్లు తెర మీదే ఉంటాయి, ఊహించి రాసేది ఏదీ ఉండదు.

శ్రావణి_డల్లాస్
ఉత్తరాలు రాసుకునే మనిషిని కొత్త కీబోర్డ్ కంఠస్థం చేయమంటారా? ఆయన డీటీపీ ఉద్యోగానికి పోవడం లేదు. గూగుల్ డాక్స్‌లో ఫైల్ మెనూలో లాంగ్వేజ్ తెలుగు పెడితే ఇన్‌పుట్ టూల్ బొమ్మ టూల్‌బార్‌లోనే వస్తుంది. జాబితాలోంచి ఏరుకోవడం కష్టమేమీ కాదు.

ఇన్‌స్క్రిప్ట్_పక్షం
పేజీకి రెండు వందల పదాలుంటే ఏరడంలో ఎంత సమయం పోతుందో లెక్క కట్టండి. సమయం మిగుల్చుకోవడం గురించే కదా అడిగింది! పైగా మీరు కొట్టినది ఊహించడానికి బయటి సర్వర్‌కి వెళ్తుంది. ఆఫీసు ఉత్తరాలకి అది పనికిరాదు.

లంకలో_లేఖకుడు
ఇద్దరూ ఆగండి. విండోస్ 10 లో 2019 మే అప్‌డేట్ నుంచి తెలుగు ఫొనెటిక్ కీబోర్డ్ విండోస్‌తోనే వస్తోంది. సెట్టింగ్స్, టైమ్ అండ్ లాంగ్వేజ్, తెలుగు పక్కన ఆప్షన్స్, యాడ్ ఎ కీబోర్డ్, తెలుగు ఫొనెటిక్. విండోస్ మీట-స్పేస్‌తో భాష మారుతుంది. అడ్రస్ బార్‌లోనూ, ఎక్సెల్‌లోనూ, అన్నిచోట్లా పనిచేస్తుంది. ఎక్స్‌టెన్షన్ ఒకటి తగ్గుతుంది.

పాత_పేజ్‌మేకర్
ఈ సందులో ఒక ప్రశ్న. డీటీపీలో వాడే అను ఫాంట్లలో ఉన్న పాత మేటర్‌ని బ్రౌజర్‌లోనే యూనికోడ్‌కి మార్చే ఎక్స్‌టెన్షన్ ఉందా? మెయిల్‌లో పేస్ట్ చేస్తే అంతా పిచ్చి గుర్తులు.

కర్నూలు_కోడర్
ఎక్స్‌టెన్షన్లు రాయడం నా వృత్తి, కాబట్టి ఇక్కడ ఎవరూ ఎత్తని విషయం చెప్తా. పెట్టుకునేముందు అనుమతులు చూడండి. "అన్ని సైట్లలో మీ డేటా చదవడం, మార్చడం" అని ఉంటే మీ బ్యాంక్ పేజీ కూడా అందులోకే వస్తుంది. పజిల్ బొమ్మ దగ్గర ఎక్స్‌టెన్షన్ పక్కనున్న మూడు చుక్కలు నొక్కి సైట్ యాక్సెస్‌ని "క్లిక్ చేసినప్పుడు" అని మార్చండి. వ్యాకరణం దిద్దేవి, కూపన్లు వెతికేవి, స్క్రీన్‌షాట్ తీసేవి, వీటికి అన్ని సైట్లూ ఎప్పుడూ అక్కర్లేదు.

నమ్మకమైనది రేపు చేతులు మారొచ్చు. ట్యాబులను నిద్రపుచ్చే గ్రేట్ సస్పెండర్ ఎక్స్‌టెన్షన్ 2020లో కొత్త యజమాని చేతికి పోయింది, 2021 ఫిబ్రవరిలో గూగుల్ దాన్ని మాల్‌వేర్ అని తీసేసింది. అప్పుడు నిద్రలో ఉన్న ట్యాబులన్నీ ఒక్కసారిగా పోయాయి. హిస్టరీలో ఆ ఎక్స్‌టెన్షన్ చిరునామాలు వెతికి, చివర "యూఆర్ఐ" పక్కన బరాబర్ గుర్తు తర్వాత ఉన్న భాగం కాపీ చేసుకున్నవాళ్లకి అసలు లింకులు దొరికాయి. 2024 డిసెంబర్‌లో సైబర్‌హేవెన్ అనే డేటా భద్రతా సంస్థ ఎక్స్‌టెన్షన్‌కి ఇంకో రకం దెబ్బ. ఉద్యోగిని ఫిషింగ్ మెయిల్‌తో బోల్తా కొట్టించి దొంగ వెర్షన్ ఎక్కించారు. అప్‌డేట్లు వాటంతటవే దిగుతాయి కాబట్టి వాడేవాళ్లు తప్పు చేయకపోయినా తగిలింది.

వరంగల్_వీపీఎన్
అన్నా, మీరు చెప్పేది సరే గానీ, అట్ల అయితే ఏదీ పెట్టుకోవద్దా? యాడ్‌బ్లాకర్ లేకుంటే పేపర్ సైట్లు తెరిచే పరిస్థితి లేదు. దానికి అన్ని సైట్ల పర్మిషన్ ఇయ్యాల్సిందే గదా.

కర్నూలు_కోడర్
ఏదీ వద్దని నేను అనలేదు, సరిగ్గా చదవండి. యాడ్‌బ్లాకర్‌కి ఇవ్వాలి, కూపన్ దానికి ఇవ్వకూడదు అంటున్నాను. క్రోమ్‌లో పాత యూబ్లాక్ ఆరిజిన్ ఇక నడవదు. 2025 మధ్యకల్లా మానిఫెస్ట్ వీ2 (ఎక్స్‌టెన్షన్లు రాసే పాత పద్ధతి) ఎక్స్‌టెన్షన్లన్నీ ఆగిపోయాయి. కొత్తదైన వీ3లో ఎక్స్‌టెన్షన్‌కి పేజీ పంపే ప్రతి రిక్వెస్ట్‌నీ తనే చూసి ఆపే వీలు లేదు, ముందే నియమాల జాబితా క్రోమ్ చేతికి ఇవ్వాలి. ఎక్స్‌టెన్షన్‌తో వచ్చే నియమాల్లో ఖాయంగా దక్కే కోటా 30,000. క్రోమ్‌లోనే ఉండాలంటే యూబ్లాక్ ఆరిజిన్ లైట్ పెట్టి మోడ్ "ఆప్టిమల్"లో ఉంచండి. పూర్తి బలం కావాలంటే ఫైర్‌ఫాక్స్‌కి మారాలి, అక్కడ అసలు యూబ్లాక్ ఇంకా నడుస్తోంది. పేమెంట్ పేజీ ఓటీపీ దగ్గర తెల్లగా ఆగిపోతే ఆ ఒక్క సైట్‌కి మోడ్ తగ్గించండి, మొత్తం తీసేయకండి.

శ్రావణి_డల్లాస్
ఫైర్‌ఫాక్స్‌లో తెలుగు అక్షరాలు చిన్నగా కనిపిస్తాయి, ఆ సంగతీ చెప్పండి.

లంకలో_లేఖకుడు
ఫైర్‌ఫాక్స్ సెట్టింగ్స్‌లో ఫాంట్స్, అడ్వాన్స్‌డ్, పైనున్న జాబితాలో తెలుగు ఎంచుకుంటే తెలుగుకి మాత్రమే ఫాంట్, సైజు వేరుగా పెట్టుకోవచ్చు. నోటో శాన్స్ తెలుగు, 18.

చిన్నగా కనిపించడం కన్నా పెద్ద బాధ వత్తులు తెగిపోవడం. ఇంగ్లిషు కొలతతో కట్టిన సైట్‌లో లైన్-హైట్ (వరుస ఎత్తు) 1.2 ఉంటుంది, కింద ఒత్తులకి చోటు చాలదు. సైట్ల రూపం మనకి కావలసినట్టు మార్చే స్టైలస్ ఎక్స్‌టెన్షన్‌లో ఆ సైట్‌కి పేరాల లైన్-హైట్ 1.7 అని రాసి, వెనక ఆశ్చర్యార్థకంతో ఇంపార్టెంట్ చేర్చండి. ఒత్తులు పూర్తిగా కనిపిస్తాయి, చదివే వేగం పెరుగుతుంది. స్టైలిష్ అనే దానితో పొరబడకండి. బ్రౌజింగ్ చరిత్ర సేకరిస్తోందని 2018లో దాన్ని స్టోర్లలోంచి తీసేశారు.

ఇన్‌స్క్రిప్ట్_పక్షం
మౌస్ లేకుండా బ్రౌజర్ నడపాలంటే విమియం ఎక్స్‌టెన్షన్. ఎఫ్ నొక్కితే ప్రతి లింకు మీద అక్షరాలు వస్తాయి, అవి కొడితే తెరుచుకుంటుంది. పెద్ద టీ నొక్కితే ట్యాబుల్లో వెతుకులాట. తెలుగు కీబోర్డ్ ఆన్‌లో ఉంటే మాత్రం ఎఫ్ బదులు గుడి పడి ఏదీ కదలదు. విమియం ఆప్షన్స్‌లో "ఇగ్నోర్ కీబోర్డ్ లేఅవుట్" టిక్ పెట్టాలి. ఇది తెలియకపోతే దాన్ని తీసేయాలనిపిస్తుంది.

శ్రావణి_డల్లాస్
విన్నారా! మీ ఇన్‌స్క్రిప్ట్ వల్లే కదా ఆ తిప్పలు.

ఇన్‌స్క్రిప్ట్_పక్షం
ఒక్క టిక్‌తో పోయేదాన్ని తిప్పలు అనకండి.

వరంగల్_వీపీఎన్
మీ లొల్లి ఆపుండ్రి. యూట్యూబ్ సంగతి ఎవరూ చెప్పలే. లీచ్‌బ్లాక్ ఎన్‌జీ పెట్టుండ్రి. ఒక బ్లాక్ సెట్‌ల సైట్ పేరు, టైమ్ కాడ 0900-1300, కామా పెట్టి 1400-1730. పూర్తిగా మూయొద్దు అనుకుంటే గంటకు 10 నిమిషాలని లిమిట్ పెట్టొచ్చు. పనికొచ్చే పేజీ ముందు ప్లస్ గుర్తు పెడితే అది మినహాయింపు. బ్లాక్ టైమ్‌ల ఆప్షన్స్ తెరుచుకోకుండ చేసే టిక్ కూడా ఉంది, అది పెట్టకుంటే రెండు నిమిషాలల్ల మీరే తీసేస్తరు. ఇన్‌కాగ్నిటోల అనుమతి ఇయ్యకుంటే ఆడ పనిచెయ్యది.

లంకలో_లేఖకుడు
పాత_పేజ్‌మేకర్ గారూ, మీ ప్రశ్న మధ్యలో పోయింది. అను ఫాంట్‌లో నిల్వ అయ్యేది తెలుగు అక్షరం కాదు, దాని ముక్కల బొమ్మ. అవి కూర్చునే చోట్లు ఇంగ్లిషు గుర్తులవి కాబట్టి ఫాంట్ లేనిచోట ఆ గుర్తులే కనిపిస్తాయి. ఫాంట్ మార్చే ఎక్స్‌టెన్షన్ ఏదీ దీన్ని బాగు చేయలేదు, కన్వర్టర్‌లో వేయాల్సిందే. అను 6, అను 7 కోడ్లు వేరు. తప్పు వెర్షన్ ఎంచుకుంటే సగం పదాలు సరిగ్గా వచ్చి, సగం పాడవుతాయి. ముందు ఒత్తులు ఎక్కువున్న ఒక్క పేరా మార్చి, స్త్రీ, లక్ష్మి లాంటి పదాలు సరిచూసుకున్నాకే మొత్తం ఫైల్ వేయండి.

పాత_పేజ్‌మేకర్
నాది 7. కన్వర్టర్‌లో 6 ఎంచుకుని వేస్తున్నట్టుంది, మార్చి చూస్తానండీ. పదే పదే రాసే వాక్యాల సంగతి గోదారిగట్టు గారికి ఎవరైనా చెప్పండి, అది నాకూ కావాలి.