ఇంటి చెరకుతో బెల్లం వండితే గట్టిపడలే, తప్పు ఎక్కడ జరిగింది?

పెరటి_చెరకు (సిద్దిపేట దిక్కు):
అందరికి నమస్తే. మేం మూడేండ్ల సంది వడ్లు, కందులు, పల్లీలు, కూరగాయలు అన్నీ ఇంటికాడనే పండించుకుంటున్నం, బయట కొనేది ఉప్పు, చాయ్‌పత్తి, చక్కెరే మిగిలినయ్, చక్కెర బదులు బెల్లమన్నా మనదే ఉండాలని పోయిన మార్చిల బోరు కాడ ఒక గుంటల చెరకు పెట్టిన. మొన్న 60 కిలోల గడలు కొట్టి రసం బండి మీద ఆడిపిస్తే 30 లీటర్ల దాక వచ్చింది. గ్యాస్ మీద ఐదు గంటలు కాగపెట్టిన, రంగు మంచిగనే ఉంది గని అచ్చుల పోస్తే రెండు రోజులైనా గట్టిపడలే, బంక లెక్క సాగుతుంది. పాకం తక్కువైందేమో అని మళ్ల పొయ్యి మీద పెడితే మాడు వాసన. పిల్లలు శానా ఆశతోని ఎదురుచూసిన్రు, బాధనిపించింది. ఇంటి మటుకు వండుకునేటోళ్లు ఎవరన్న ఉంటే చెప్పున్రి.

అనకాపల్లి_తోట:
గడ ఎన్ని నెలలదండి? కొట్టిన ఎన్ని రోజులకి ఆడించారు?

పెరటి_చెరకు:
ఎనిమిది నెలలది సార్. శనివారం కొట్టిన, బండాయన ఊర్ల లేకుండె, మంగళవారం ఆడిపిచ్చిన.

అనకాపల్లి_తోట:
అయితే పాకం తప్పు కాదండి, పొయ్యి ఎక్కకముందే చెడింది. గడ కొట్టిన దగ్గర్నుంచి అందులో చక్కెర గ్లూకోజు, ఫ్రక్టోజు కింద విడిపోతూ ఉంటుంది, అవి పలుకు కట్టవు, పైగా గాల్లో తేమ లాగేస్తాయి, అందుకే ఎంత కాచినా బంకే. మేము పొద్దున్న కొడితే సాయంత్రంలోపు గానుగాడేస్తాం, మరీ కుదరకపోతే మర్నాడు, అంతే. రెండోది వయసు. ఎనిమిది నెలల లేత గడలో కూడా ఆ పలుకు కట్టనివే ఎక్కువ, పది నుంచి పన్నెండు నెలలు నిండాలి. మొదలు దగ్గర నమిలి, తర్వాత పైభాగం నమిలి చూడండి, తీపిలో పెద్ద తేడా లేకపోతే పండినట్టే. రసంలో తీపి కొలిచే బ్రిక్స్ మీటరు ఉంటే 18 దాటాలి, 20 వస్తే ఇంకా మంచిది. ఆఖర్లో యూరియా వేయకండి, బెల్లం నల్లబడుతుంది, నిలవుండదు. ఉప్పునీళ్ల బోరయితే బెల్లమే ఉప్పగా వస్తుంది. విత్తనానికి మా దగ్గర విశ్వామిత్ర, అంటే 87ఏ298, 1913లో పెట్టిన మా అనకాపల్లి పరిశోధనా కేంద్రం రకమే.

కామారెడ్డి_అక్క:
తమ్ముడూ, పెద్ద పెనం లెక్కలు ఇంట్ల నడవవు. వెడల్పు స్టీలు గిన్నె తీసుకో, సగం కంటె ఎక్కువ పొయ్యకు, పొంగుతది. రసం పల్చటి బట్టల రెండుసార్లు వడకట్టు. బెండ చెట్టు కాండాలు దంచి నీళ్లల పిసికితే జిగురొస్తది, రసం వేడెక్కి ఇంక మరగక ముందే ఆ జిగురు పొయ్యి, మడ్డంత తెట్టె కట్టి పైకొస్తది, ఓపికగ తీసుకుంట పోవాలె, బెల్లం రంగు ఈడనే తేలుతది. సున్నపు తేట కొంచెం చాలు, ఎక్కువైతే నల్లగైతది. తెల్లగ మెరవాలని హైడ్రోస్ అనే రసాయనం కలుపుతరు, అది మాత్రం ఇంట్లకు రానియ్యకు, తినేది మన పిల్లలు. తెట్టె తీసినంక మంట పెంచు, పొంగొస్తే నాలుగు చుక్కల పల్లినూనె ఏస్తే దిగుతది, చిక్కబడ్డంక మంట తగ్గించి కలుపుతనే ఉండాలె, ఆ పావుగంట ఫోన్ ముట్టకు. చల్లనీళ్లల చుక్కేస్తే ఉండ గట్టిగై, పళ్లెంల కొడితే ఖంగుమనాలె. థర్మామీటరైతే 118 డిగ్రీలు. అసలు ఇంటికి అచ్చులెందుకు? ఇంకో రెండు డిగ్రీలు ఎక్కువ కాచి దించి, చెక్క తెడ్డుతోని రుద్దుకుంట పోతే పొడి బెల్లం ఐతది, ఎండల ఆరబెట్టి సీసాల పెట్టు, చాయ్‌లకు చక్కెర లెక్కనే వాడుకోవచ్చు.

గోదారి_మెట్ట:
తెల్ల చక్కెర ఇంట్లో అవుతుందా అక్కా?

కామారెడ్డి_అక్క:
మిల్లు చక్కెర లెక్క కాదు, దానికి వాక్యూమ్ పెనాలు, పలుకు నుంచి మొలాసిస్, అంటే పలుకు కట్టని నల్ల పాకం, విడదీసే తిప్పుడు మిషన్లు కావాలె. పాకం కొంచెం లేతగ దించి కుండల కొన్ని రోజులు కదపకుండ పెట్టి, పలుకు కట్టినంక బట్టల వేలాడదీస్తే మొలాసిస్ కారిపోయి గోధుమ రంగు చక్కెర మిగులుతది. నేను ఒకసారి చేసిన, పని ఎక్కువ, వచ్చేది తక్కువ.

తాటితోపు:
చెరకుకి నీళ్లు లేనివాళ్లు తాటిచెట్లు ఉంటే తాటిబెల్లం చూడండి. మేము కుండ లోపల సున్నం పూసి కడతాం, లేకపోతే నీరా పులిసిపోతుంది. తెల్లారకముందే దించి వెంటనే కాచేయాలి. ఎనిమిది పది లీటర్లకి కిలో బెల్లం వస్తుంది. చెట్టెక్కేవాళ్లు దొరకడమే కష్టం, మా ఊళ్లో గీత పని తెలిసినవాళ్లు ఇద్దరే మిగిలారు, ఇద్దరూ పెద్దవాళ్లే. ఆ పని పిల్లలకి నేర్పకపోతే చెట్లుండీ బెల్లం ఉండదు.

పెరటి_చెరకు:
అందరికి అప్‌డేట్. ఫిబ్రవరి దాక ఆగిన. బండాయనకు ముందు రోజే ఫోన్ చేసి, పొద్దుగాల 50 కిలోలు కొట్టి పదింటికల్ల ఆడిపిచ్చిన, 26 లీటర్లు. ఈసారి గ్యాస్ వద్దనుకున్న, పోయినసారి సిలిండర్ల మూడు కిలోల దాక పోయింది. మూడు రాళ్ల పొయ్యి, కందికట్టె, ఎండిన చెరకు పిప్పి. బెండ జిగురు పోసినంక వచ్చిన తెట్టె చూస్తే, పోయినసారి అదంత తిన్నమా అనిపించింది. 4 కిలోల 900 గ్రాముల పొడి బెల్లం వచ్చింది, బంక లేదు! మా అమ్మ చేతుల పోసుకొని వాసన చూసి ఏం మాట్లాడలే, పోయి రెండు మానెల నువ్వులు తీసుకొచ్చింది ఉండలు చేద్దామని. నెలకు మాకు మూడు కిలోలు చాలు, గుంటల సగమే ఎక్కువైతది, మిగిలింది చుట్టాలకు ఇస్త. ఇప్పుడు కొట్టిన మోళ్లు అట్లనే ఉంచాల్నా?

అనకాపల్లి_తోట:
చాలా సంతోషమండి. కార్శి చేసుకోండి, అంటే ఈ మోళ్ల పిలకలతోనే రెండో పంట, మళ్లీ ముచ్చెలు (విత్తనపు గడ ముక్కలు) నాటక్కర్లేదు. మోళ్లు నేలకి సమానంగా చెక్కేయండి, పైన మిగిలితే పిలకలు బలహీనంగా వస్తాయి. ఎండాకు కాల్చకుండా సాళ్ల మధ్య పరిచి నీళ్లు పెట్టండి. ఎర్రకుళ్లు తెగులు కనిపించిన దుబ్బు మాత్రం వేళ్లతో సహా తీసేయండి.