'ఉమన్ ఇన్ గోల్డ్': పోరాడి తెచ్చుకున్న బొమ్మని అమ్మేయడం సబబేనా?

గోదారిగట్టు:
నిన్న రాత్రి 'ఉమన్ ఇన్ గోల్డ్' (2015) చూశాను. వియన్నాలో ఒక యూదు కుటుంబం కథ. మరియా ఆల్ట్‌మన్ పిన్ని ఆడెలె బొమ్మని క్లిమ్ట్ అనే చిత్రకారుడు 1907లో బంగారు రేకులు అద్ది వేశాడు. 1938లో నాజీలు ఆస్ట్రియాని ఆక్రమించి ఆ ఇంటిని దోచుకున్నారు. బొమ్మ బెల్వెడేర్ మ్యూజియానికి చేరింది. అమెరికాకి పారిపోయి బతికిన మరియా, ఎనభై దాటాక ఆస్ట్రియా ప్రభుత్వం మీద కేసు వేసి 2006లో క్లిమ్ట్ బొమ్మలు ఐదు వెనక్కి తెచ్చుకుంది. సినిమా చూస్తూ ఏడ్చాను. తర్వాత వివరాలు చదివితే మనసు విరిగింది. అదే ఏడాది ఐదూ అమ్మేశారు! పిన్ని బొమ్మ ఒక్కటే 13.5 కోట్ల డాలర్లకి పోయిందట. మిగతా నాలుగూ నవంబరులో వేలంలో 19 కోట్ల పైచిలుకు పలికాయి. పిన్ని జ్ఞాపకం అని పోరాడి, చేతికి రాగానే అమ్మడం ఏమిటి?

రిటైర్డ్_మాస్టారు:
మరియాగా హెలెన్ మిర్రెన్ నటన కోసమైనా అందరూ చూడాల్సిన సినిమా.

మానేరు_ఒడ్డు:
ఆమె వస్తువు, ఆమె ఇష్టం. ఈ ప్రశ్న ముందు ఆస్ట్రియాని అడగండి. నా దగ్గర ఆడెలె వీలునామా ఉంది అని అరవై ఏళ్లు చెప్పుకుంది ఆ దేశం. ఆడెలె 1923లో రాసిన వీలునామాలో, తన భర్త తదనంతరం బొమ్మలు మ్యూజియానికి ఇవ్వమని భర్తని కోరింది, అంతే. ఆమె 1925లోనే పోయింది. పదమూడేళ్ల తర్వాత ఆ ఊరే తన వాళ్లని తరిమేస్తుందని ఆమెకేం తెలుసు? బొమ్మలు భర్త ఫెర్డినాండ్‌వి. ఆయన స్విట్జర్లాండ్‌లో తలదాచుకుని 1945లో పోయాడు. ఆస్తిని అన్న పిల్లలకి రాశాడు, మ్యూజియానికి కాదు. 2006లో తీర్పు చెప్పిన ముగ్గురు మధ్యవర్తులూ ఆస్ట్రియా వాళ్లే.

గోదారిగట్టు:
హక్కు ఎవరిదని నేను అడగలేదండీ. అమ్మడం గురించి అడిగాను. పైగా 1948లో ఆ కుటుంబం తరఫు లాయరే క్లిమ్ట్ బొమ్మలు మ్యూజియానికి వదులుకుంటామని ఒప్పుకున్నాడుగా? అప్పుడు అక్కర్లేనివి ఇప్పుడెందుకు కావలసి వచ్చాయి? ధర పెరిగిందనే కదా.

మానేరు_ఒడ్డు:
ఎలా ఒప్పుకున్నాడో కూడా రాయండి. మిగతా సామాను దేశం దాటించాలంటే ప్రభుత్వ అనుమతి కావాలి. బొమ్మలు వదిలితేనే అనుమతి అన్నారు. మెడ మీద కత్తి పెట్టి తీసుకున్న సంతకం అది. అలా లాక్కున్నవి తిరిగి ఇవ్వాలనే ఆస్ట్రియా 1998లో చట్టం చేసింది. అయినా మరియా అడిగితే కాదంది. వియన్నాలో కేసు వేద్దామంటే బొమ్మల విలువని బట్టి కోర్టు ఫీజు, పది లక్షల డాలర్లకు పైనే. అందుకే అమెరికాలో వేసింది. 2004లో అక్కడి సుప్రీంకోర్టు 6-3తో ఆ కేసు నడపొచ్చని తేల్చింది. ఆ తర్వాతే ఇరువైపులా మధ్యవర్తుల తీర్పుకి ఒప్పుకున్నారు. ధర కోసం ఆశపడే మనిషి ఆ వయసులో ఇంత తిరుగుతుందా?

కృష్ణలంక_అమ్మాయి:
మన చందవరం బుద్ధుడి శిల్పఫలకం గుర్తొచ్చింది. ప్రకాశం జిల్లా నుంచి దొంగిలిస్తే ఆస్ట్రేలియా మ్యూజియంలో తేలింది, 2016లో వెనక్కి ఇచ్చారు.

గోదారిగట్టు:
అదీ రావడమంటే! వచ్చింది, అందరిదీ అయింది. ఇక్కడేమో వచ్చింది, వేలానికి పోయింది.

మానేరు_ఒడ్డు:
చందవరం శిల్పం ఎవరి నట్టింట్లోదీ కాదు. ఇది ఇంట్లో గోడకున్న బొమ్మ. పోనీ, తీర్పు వచ్చాక ముందు ఆస్ట్రియానే కొనుక్కోమన్నారు. అంత పెట్టలేమంది. ఆడెలె బొమ్మ ఇప్పుడు న్యూయార్క్‌లో నోయె గ్యాలరీలో ఉంది, టికెట్ కొని ఎవరైనా చూడొచ్చు. ఎనభై తొమ్మిదేళ్లావిడ దాన్ని వంటింటి పక్కన తగిలించుకుంటే మీకు తృప్తా?

గోదారిగట్టు:
వెటకారం వద్దు. మిగతా నాలుగూ వేలానికే పోయాయి కదా. డబ్బే కావాలంటే డబ్బనే అడగాలి, పిన్ని జ్ఞాపకం అని మా చేత ఏడిపించకూడదు.

మానేరు_ఒడ్డు:
వెటకారం కాదు, కడుపు మంట. రజాకార్ల కాలంలో మా నాయనమ్మ వాళ్లు ఇల్లు వదిలి చాందా (ఇప్పటి చంద్రపూర్) వైపు పారిపోయారు. తిరిగొచ్చేసరికి టేకు అల్మారా, గంగాళం, ఆమె పుట్టింటి వెండి పళ్లెం ఊళ్లోనే ఒకరింట్లో ఉన్నాయి. అడగడానికి పోతే వాళ్లన్న మాట ఇదీ: "ఇస్తే ఏం జేస్తవ్? అమ్ముకుంటవా?" పోయే దాకా ఆ మాటే తలుచుకుని కుమిలేది. ఇప్పుడు మీరూ అదే అడుగుతున్నారు. ఏం చేసుకుంటావో చెప్తేనే ఇస్తామనే హక్కు ఎవరిచ్చారు? దోచుకున్నవాణ్ని ఎందుకు దోచావని ఎవరూ అడగరు, పోగొట్టుకున్నవాళ్లు మాత్రం తమ మనసు మంచిదని రుజువు చేసుకోవాలి.

కృష్ణలంక_అమ్మాయి:
ఆడెలె వజ్రాల నెక్లెస్‌ని మరియా పెళ్లికి బాబాయి ఫెర్డినాండ్ ఇచ్చాడు. అది నాజీ నాయకుడు గోరింగ్ భార్య మెడలోకి పోయిందని చదివాను. ఆ మాట చదివినప్పుడు కోపంతో వణికిపోయాను.

గోదారిగట్టు:
మీ నాయనమ్మగారి సంగతి విని బాధేసింది. కానీ ఆవిడని ఆ మాటన్నది దోచుకున్న మనిషి. నేను అటువైపు దాన్ని కాదు. మా నాన్న కట్టిన ఇల్లు అద్దెకున్నవాళ్లు ఆక్రమిస్తే ఏళ్ల తరబడి కేసు నడిచింది. లాయరు ఫీజుకి నా గాజులు అమ్మి ఇచ్చాను. గెలిచేదాకా "నాన్న ఇల్లు, నాన్న ఇల్లు" అన్న అన్నయ్య, గెలిచిన నెలకే బిల్డరుకి ఇచ్చేశాడు. సంతకం కోసం పిలిచాడు కానీ నన్నొక మాట అడగలేదు. హక్కు వాడిదే, కాదనను. ఆ ఇంటి కోసం కలిసి ఏడ్చిన మాకు ఏమీ లేదా?

మానేరు_ఒడ్డు:
ఈ మాట మొదటే చెప్పి ఉంటే ఇంత గొడవ ఉండేది కాదక్కా. మీ అన్నయ్య మిమ్మల్ని అడగకపోవడం అన్యాయమే. మరియా విషయంలో అలా కాదు, ఫెర్డినాండ్ వారసులు ఆమెతో పాటు ఇంకొందరున్నారు, డబ్బు వాటాలుగా పంచుకున్నారు.

గోదారిగట్టు:
డబ్బు పంచుకోవచ్చు. ఆ బొమ్మ అమ్మొద్దని వాళ్లలో ఒక్కరైనా అని ఉంటే? అప్పుడు కూడా "ఆమె వస్తువు, ఆమె ఇష్టం" అంటారా?

మానేరు_ఒడ్డు:
వారసుల్లో ఒకరు వద్దంటే ఆగాలి. అది కుటుంబం లోపలి మాట. బయట నిలబడి సినిమా చూసినవాళ్లు వద్దంటే ఆగక్కర్లేదు. ఇక్కడ మాత్రం నేను మారను.

గోదారిగట్టు:
నేనూ మారను.