చౌమహల్లా ప్యాలెస్‌ను ఫంక్షన్లకు ఇవ్వాలా, వద్దా?

కోటల యాత్రికుడు:
హైదరాబాద్ పాతబస్తీలోని చౌమహల్లా ప్యాలెస్‌ను ప్రైవేటు ఫంక్షన్లకు అద్దెకిస్తున్నారు. 2025 మేలో మిస్ వరల్డ్ పోటీలకు వచ్చినవాళ్లకు విందు కూడా అక్కడే జరిగింది. నిజాములు దర్బారు తీర్చిన చోట బఫే కౌంటర్లేంటి? టికెట్ కొని చూసేవాళ్లకే ఉంచాలని నా అభిప్రాయం. మీరేమంటారు?

సున్నం గచ్చు:
నేనూ వద్దనే అంటాను. దర్బారు మర్యాద కంటే నా భయమంతా గోడల గురించి. పాత సున్నపు గచ్చుకి పూలదండ కట్టడానికి ఒక మేకు కొట్టారనుకోండి. ఆ కన్నంలోంచి వాన నీళ్లు దిగుతాయి, లోపల చెమ్మ పట్టి గచ్చు పొక్కుతుంది. తర్వాత ఎవరో వచ్చి సిమెంటు మెత్తుతారు. సిమెంటు చెమ్మను బయటికి పోనివ్వదు, దాంతో చుట్టుపక్కల గచ్చు కూడా ఊడొస్తుంది. డెకరేషన్ వాళ్లకు ఇవేవీ పట్టవు.

ఖిల్వత్ గల్లీ:
మేకు సంగతి ముమ్మాటికీ నిజం. కానీ తలుపులు మూసేయడం మందు కాదండీ. ఒకప్పుడు 45 ఎకరాల ఆవరణ అది, ఇప్పుడు మూడో వంతు కూడా మిగల్లేదు. పాడుబడిన భవనాలను నిజాం కుటుంబానికి చెందిన యువరాణి ఎస్రా పూనుకుని బాగుచేయిస్తే 2005లో జనానికి తెరిచారు, 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. ఒకసారి బాగుచేసి వదిలేస్తే సరిపోదు కదా. దర్బారు జరిగిన ఖిల్వత్ హాల్లో ఉన్న 19 షాండ్లియర్లు తుడిపించడానికే ఎంత పని! అంతా టికెట్ డబ్బుతోనే నడవాలంటే రేటు పెంచాలి. అప్పుడు మొదట ఆగిపోయేది మా గల్లీ పిల్లలే.

అయినా అది ఎప్పుడూ జనం మసిలిన చోటే. 1967లో ఆఖరి నిజాం మనవడు ముకర్రమ్ జా పట్టాభిషేకం అక్కడే జరిగింది. 2023 జనవరిలో ఆయన పార్థివదేహాన్ని అక్కడే ఉంచితే ఊరంతా వచ్చి చూసింది. గోల్కొండనే చూడండి. ఆషాఢం వస్తే బోనాలు మొదలయ్యేది ఆ కోటలోనే, అమ్మవారి గుడి దగ్గర. దానివల్ల కోట విలువేం తగ్గింది? ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నుంచి తాజ్ హోటల్. గుట్ట మీద రోజూ కనబడుతుంది, బుకింగ్ లేకుండా గేటు దాటలేం. నాకు బాధ కలిగించేది అదీ.

కాబట్టి ఫంక్షన్లు ఉండనివ్వండి, బయటి ఆవరణలోనే. హాళ్లలోకి స్టేజీ, లైట్లు, వంట ఏవీ రాకూడదు. సాయంత్రం 5 దాటాక సందర్శకులు ఉండరు. శుక్రవారం ఎలాగూ సెలవే, సామాను దించుకోవడం ఆ రోజు పెట్టుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం, ఏడాదిలో కొన్ని సాయంత్రాలు చుట్టుపక్కల బస్తీలకు నామమాత్రపు అద్దెకు ఇవ్వాలి. సర్కారు బడి వార్షికోత్సవం, ఉర్దూ కవుల ముషాయిరా, బస్తీ పిల్లల ఖవ్వాలీ... వీటికి అక్కడ చోటు లేకపోతే బాగుచేసింది ఎవరికోసం?

కోటల యాత్రికుడు:
బడి వార్షికోత్సవానికి నాకూ అభ్యంతరం లేదు. కానీ డబ్బున్న పెళ్లివారు వస్తే మీ బస్తీ తేదీలు నిలుస్తాయా?

ఖిల్వత్ గల్లీ:
నిలవాలంటే ఏడాది మొదట్లోనే ఆ తేదీలు ప్రకటించి గేటు దగ్గర బోర్డు పెట్టాలి. తర్వాత ఎవరెంత ఇస్తామన్నా మార్చకూడదు.

సున్నం గచ్చు:
అలాగైతే నాదీ ఒక షరతు. తమ కాళ్ల మీద నిలబడే ఫ్రేములే వాడాలి, గోడకు తాడు కూడా తగలకూడదు. ఫంక్షన్‌కి ముందూ తర్వాతా గోడలన్నీ ఫోటోలు తీసి, గచ్చు పని తెలిసిన మేస్త్రి చూసి సరే అన్నాకే డిపాజిట్ వాపసు ఇవ్వాలి. ఇది బస్తీవాళ్లకైనా, పెళ్లివారికైనా ఒకటే.