మూడు వందల వరుసల టేబుల్ సాయంత్రానికి ఎందుకు నెమ్మదిస్తోంది?

ప్రశ్న
మేము పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో బస్సుల ప్రస్తుత స్థానాలను ఒక చిన్న టేబుల్‌లో ఉంచుతున్నాము. బస్సుకు ఒకటి చొప్పున 300 వరుసలే ఉన్నాయి. ప్రతి వరుసా 10 సెకన్లకొకసారి అప్‌డేట్ అవుతుంది. బస్సు నంబరు ప్రైమరీ కీ కాగా, చివరి సమయం అనే కాలమ్ మీద మరో ఇండెక్స్ (త్వరగా వెతకడానికి వాడే సూచిక) ఉంది. ఉదయం టేబుల్ మొత్తాన్ని చదవడానికి రెప్పపాటు కూడా పట్టదు, కానీ సాయంత్రానికి టేబుల్ సైజు 100 ఎంబీ దాటి అదే క్వెరీ ఈడ్చుకుంటూ నడుస్తోంది. పనికిరాని పాత వరుసలను తనంతట తానే శుభ్రం చేసే ఆటోవాక్యూమ్ ఆన్‌లోనే ఉంది. కారణమేమిటో చెప్పగలరా?

జవాబు 1
ఆటోవాక్యూమ్ స్కేల్ ఫ్యాక్టర్‌ను (ఎంత శాతం వరుసలు చనిపోతే శుభ్రం మొదలవ్వాలో చెప్పే సెట్టింగును) ఈ ఒక్క టేబుల్‌కు తగ్గించి చూడండి.

జవాబు 2
పై సలహా పెద్ద టేబుళ్లకు సరైనదే గాని, ఇక్కడ ఉపకరించదు. డిఫాల్ట్ లెక్క ప్రకారం 50కి వరుసల్లో 20 శాతం కలిపితే 110 మృత వరుసలకే (అప్‌డేట్ తరువాత మిగిలిపోయే పాత ప్రతులకే) ఆటోవాక్యూమ్‌కు అర్హత వస్తుంది. సెకనుకు 30 అప్‌డేట్లు జరిగే చోట ఆ హద్దు నాలుగు సెకన్లలోనే దాటిపోతుంది. అది నిమిషానికొకసారి వచ్చి శుభ్రం చేసినా టేబుల్ కొద్ది పదుల పేజీలను (డిస్క్‌పై డేటాను దాచే చిన్న ముక్కలను) మించకూడదు. 100 ఎంబీ అయిందంటే, వాక్యూమ్ వచ్చినా తుడవలేకపోతోందని అర్థం. పాత స్నాప్‌షాట్‌ను (ఒకానొక క్షణంలో డేటా ఎలా ఉందో ఆ దృశ్యాన్ని) పట్టుకున్న లావాదేవీ (ట్రాన్సాక్షన్) ఒక్కటి తెరిచి ఉంటే చాలు, అది ఈ టేబుల్‌ను ముట్టుకోకపోయినా సరే, ఆ తరువాత చనిపోయిన వరుసలను వాక్యూమ్ తీసివేయదు. గంటకు 1,08,000 పాత ప్రతులు పేరుకుంటాయి. ప్రస్తుత కనెక్షన్లను చూపే యాక్టివిటీ వ్యూలో (pg_stat_activity) లావాదేవీ మొదలైన సమయాన్ని బట్టి వరుస పెట్టి చూడండి.

రెండవది ఆ సమయం ఇండెక్స్. 2008లో వచ్చిన 8.3 వెర్షన్ నుంచి హాట్ (HOT) అప్‌డేట్ సౌకర్యం ఉంది: ఇండెక్స్ ఉన్న కాలమ్ ఏదీ మారకుండా, కొత్త ప్రతికి అదే పేజీలో చోటు దొరికితే, ఇండెక్సులను తాకనవసరం లేదు, పాత ప్రతులను వాక్యూమ్ కోసం ఆగకుండానే పేజీలోనే సర్దేస్తుంది. మీరేమో ప్రతి అప్‌డేట్‌లోనూ మారే కాలమ్‌కే ఇండెక్స్ పెట్టి ఆ దారి మూసేశారు. 300 వరుసలకు ఆ ఇండెక్స్ అవసరమే లేదు.

ప్రశ్న అడిగినవారు
ఉదయం మొదలైన రిపోర్టు ప్రోగ్రాము కర్సర్ (ఫలితాలను విడతలుగా చదివే సాధనం) తెరిచి, సాయంత్రం దాకా లావాదేవీని ముగించడం లేదని తేలింది. ఇండెక్స్ కూడా తీసేశాను. ఫిల్‌ఫ్యాక్టర్ (పేజీని ఎంత శాతం వరకు నింపాలనే సెట్టింగు) 50 పెట్టి వాక్యూమ్ ఫుల్ (టేబుల్‌ను కొత్త ఫైలులోకి తిరగరాసే ఆదేశం) చేస్తే సరిపోతుందా?

జవాబు 2
ఆ వరుస క్రమమే పాటించండి. కొత్త ఫిల్‌ఫ్యాక్టర్ ఇప్పటికే నిండిన పేజీలకు వర్తించదు కాబట్టి ముందు దాన్ని మార్చి, ఆపైనే టేబుల్‌ను తిరగరాయించాలి. అన్నిటికంటే ముందు రిపోర్టు లావాదేవీని ముగించండి. లేకపోతే వాక్యూమ్ ఫుల్ కూడా ఆ పాత ప్రతులను కొత్త ఫైలులోకి మోసుకుపోతుంది. అది నడిచినంతసేపు టేబుల్‌ను చదవడం కూడా ఆగిపోతుంది గనుక, బస్సులు డిపోకు చేరాక చేయడం మేలు. రిపోర్టును రెప్లికా సర్వరుకు (ప్రధాన సర్వరు నకలుకు) మార్చే ఆలోచన ఉంటే, అక్కడ హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ (రెప్లికాకు ఇంకా కావలసిన పాత వరుసలను తుడవవద్దని ప్రధాన సర్వరుకు చెప్పే సెట్టింగు) ఆన్‌లో ఉన్నప్పుడు ఇదే తంటా ప్రధాన సర్వరుకు తిరిగి వస్తుందని గమనించండి.